కన్ను కొలబద్ద కాదు

పోయిన నెల పీఎఫ్ కాగితాల గురించి రాస్తే, చౌక్ దగ్గర చాయ్ తాగేటప్పుడు నలుగురైదుగురు ఆపి "మంచిగ రాసినవ్, మాకు పనికొచ్చింది" అన్నారు. వాళ్ళలో ఒకాయన మాత్రం, "అన్నా, మన పోరగాళ్ళకు స్పీడ్ చలాన్లు వస్తున్నయి గదా. పోలీసోళ్ళు ఆ స్పీడ్ ఎట్ల కనిపెడ్తరో అది రాయరాదు" అన్నాడు. సరే చూద్దాం అన్నాను. వారం తిరగకముందే ఆ చలాన్ మా ఇంటికే వచ్చింది. ఒకటి కాదు, రెండు.

మా తమ్ముని కొడుకు చిన్న టెంపో నడుపుతాడు. షోలాపూర్‌లో, అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో ఒక సేటు దగ్గర పని. కార్ఖానాలో నేసిన టవళ్ళ మూటలు ట్రాన్స్‌పోర్టు గోదాముకు చేర్చాలి. అప్పుడప్పుడు పైఊర్లకు కూడా పోవాలి. ఒక రోజు రాత్రి అన్నం తినే వేళకు వచ్చి ఫోన్ నా ముందర పెట్టాడు.

"పెద్దబాపు, రెండు చలాన్లు. ఒక్కొక్కటి రెండు వేలు. సేటు నా పగార్ల కోస్త అంటుండు. రెండూ అబద్ధమే. నేను మెల్లగనే నడుపుత."

నాలుగు వేలంటే వానికి వారం పగారు. చిన్న పిల్లకు బడి ఫీజు కట్టేది ఉంది. అది ఇక వాని భార్య బీడీలు చుట్టిన పైసల్లోంచే రావాలి. మరునాడు పొద్దున కళ్ళద్దాలు పెట్టుకొని రెండు చలాన్లూ ముందర వేసుకొని కూర్చున్నాను. పక్కనే వాణ్ణి కూడా కూర్చోబెట్టుకున్నాను.

మొదటిది పైఊరికి పోయినప్పుడు ఒక నాకా దగ్గర రాసింది. ఏ ఊరో, రాసిందెవరో ఇక్కడ చెప్పను, దానితో మనకు పని లేదు.

"ఎంత స్పీడ్‌ల వచ్చినవని రాసిండు?" అని అడిగాను.

"ఏం రాయలే పెద్దబాపు. దూరం నుంచే చూసిన, భర్‌ధావ్ వస్తున్నవ్ అన్నడు. నీ బండి సప్పుడు వింటేనే తెలుస్తది అన్నడు."

"చేతుల స్పీడ్ మిషన్ ఏమన్న ఉండెనా? పక్కన కెమెరా బండి ఉండెనా?"

"చలాన్ కొట్టే మిషన్ ఒక్కటే ఉండె."

ఆ మాట వినగానే నాకు గిరణి రోజులు గుర్తుకొచ్చాయి. నేను ముప్పై ఏళ్ళు సాంచాల మీద పనిచేసినవాణ్ణి. మా ముకద్దం ఒకాయన ఉండేవాడు. చెవితో విని "నీ సాంచా మెల్లగ నడుస్తుంది, నువ్వే ఆపి ఆపి నడిపిస్తున్నవ్" అనేవాడు. మా కూలి బట్టను బట్టి వచ్చేది, ఆ మాట పై దాకా పోతే మాకు దెబ్బ. ఒకసారి ఇద్దరం గట్టిగా పట్టుబట్టి, కొలిచి చూడండి అన్నాం. ఇంజనీరు టాకోమీటర్ తెచ్చి షాఫ్టుకు ఆనించి చూశాడు. సాంచా నిజంగానే మెల్లగా నడుస్తోంది. కానీ అది మా వల్ల కాదు, పట్టా సడలింది. ముకద్దం చెవి సగం నిజం చెప్పింది. తప్పెవరిదో మాత్రం అది చెప్పలేదు, ఎంత తక్కువో కూడా చెప్పలేదు. తర్వాత సాంచాలకు పిక్కులు లెక్కపెట్టే మీటర్లు పెట్టారు. అప్పటి నుంచి ఆ జగడం పోయింది.

సడక్ మీద కూడా లెక్క ఇదే. ఈ సంగతి మన చట్టమే చెబుతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లో 112వ సెక్షన్ స్పీడ్ హద్దు దాటవద్దంటుంది. దాటితే దండుగ ఎంతో 183వ సెక్షన్‌లో ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి ఆ దండుగలు పెరిగాయి. ఆటో, కారు, చిన్న టెంపో లాంటి తేలిక బండ్లకు 1000 నుంచి 2000 రూపాయలు. లారీ, బస్సు లాంటి పెద్ద బండ్లకు 2000 నుంచి 4000. మళ్ళీ దొరికితే లైసెన్సు కూడా పట్టుకుంటారు.

అదే 183వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఒకటుంది. మన పిల్లల్లో దాన్ని చదివినవాళ్ళు తక్కువ. మన మాటల్లో చెప్పాలంటే దాని అర్థం ఇది: ఒకే ఒక్క సాక్షి వచ్చి "నాకు స్పీడ్‌గా వచ్చినట్టు అనిపించింది" అన్నంత మాత్రాన ఎవరినీ దోషిగా తేల్చకూడదు. ఆ సాక్షి అంచనా ఏదో ఒక యంత్రంతోనో ఎలక్ట్రానిక్ పరికరంతోనో కట్టిందని చూపించాలి. సాక్షి పోలీసైనా సరే, నియమం అదే. చట్టం రాసినవాళ్ళు పోలీసు అబద్ధం చెబుతాడని ఈ మాట పెట్టలేదు. మనిషి కన్ను ఎట్లాంటిదో వాళ్ళకు తెలుసు కాబట్టి పెట్టారు.

కన్ను ఎందుకు తప్పుతుందో మీరే చూడండి. సైలెన్సర్ పగిలిన మోటర్‌సైకిల్ 40లో పోతున్నా చూసేవానికి 70లో పోతున్నట్టు ఉంటుంది. పెద్ద లారీ, రైలింజను అదే వేగంతో వస్తున్నా, వాటి ఆకారం వల్ల మెల్లగా వస్తున్నట్టు కనిపిస్తాయి. గేటు దగ్గర "ఇంకా దూరం ఉంది" అనుకొని పట్టాలు దాటబోయి ప్రాణం పోగొట్టుకునేవాళ్ళు అందుకే ఉంటారు. ఎదురుగా మన మీదికి వచ్చే బండి వేగం తెలుసుకోవడం, పక్క నుంచి పోయే బండి వేగం తెలుసుకోవడం కన్నా కష్టం. ఎదురుగా వచ్చేది కొంచెం కొంచెం పెద్దదవుతూ కనిపిస్తుంది, అంతే. రాత్రి పూట రెండు లైట్లు తప్ప ఏమీ కనపడవు.

ఇది మన దేశం ముచ్చటే కాదు. అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రం ఉంది. శిక్షణ పొంది, అనుభవం ఉన్న పోలీసు అయితే అతని కంటి అంచనా ఒక్కటే చాలునని 2010లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ, వట్టి కంటి చూపు మీద స్పీడ్ కేసు నిలబడదని చట్టం చేసింది. అంటే అంత దూరం పోయి వాళ్ళు కూడా మన 183 చెప్పిన మాట దగ్గరికే వచ్చారు.

మరి కొలవడం ఎట్లా? నాకు తెలిసినంత వరకు ఒక్కొక్కటి చెబుతాను.

అన్నిటికన్నా పాతది గడియారం. సడక్ మీద రెండు గుర్తులు పెట్టి, మధ్యలో దూరం టేపుతో కొలుస్తారు. మొదటి గుర్తు దాటినప్పుడు గడియారం నొక్కి, రెండోది దాటినప్పుడు ఆపుతారు. 100 మీటర్లు 6 సెకన్లలో దాటితే గంటకు 60 కిలోమీటర్లు. 5 సెకన్లలో దాటితే 72. 4 సెకన్లలో దాటితే 90. లెక్క సరిగ్గానే ఉంటుంది గానీ వేలు సగం సెకను ఆలస్యమైనా ఎంత తేడా వస్తుందో చూశారు కదా. దూరం ఎక్కువ పెట్టుకుంటే ఆ తప్పు తగ్గుతుంది.

రెండోది వెంబడి పోవడం. పోలీసు బండి అంతే దూరం ఉంచుకొని వెనకాల వస్తూ తన మీటర్ చూస్తుంది. ఆ మీటర్ సరిగ్గా ఉందని ముందే పరీక్ష చేయించి ఉండాలి.

మూడోది రేడార్ గన్. ఇది కంటికి కనపడని అలలను పంపిస్తుంది. అవి బండికి తగిలి వెనక్కి వస్తాయి. స్టేషన్‌లో నిలబడ్డప్పుడు, కూత పెడుతూ దగ్గరికి వచ్చే రైలు సన్నగా కూస్తుంది, దాటిపోగానే అదే కూత లావుగా మారుతుంది. అందరం విన్నదే. డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1842లో ఈ సంగతి లెక్కకు కట్టాడు. రేడార్ కూడా అంతే. తిరిగి వచ్చిన అల ఎంత మారిందో చూసి బండి వేగం చెబుతుంది. దీనిలో ఒక చిక్కు ఉంది. పక్కపక్కన రెండు మూడు బండ్లు వస్తుంటే అది ఏ బండిని పట్టిందో తేల్చడం కష్టం. లారీ వెనకాల చిన్న బండి ఉంటే లారీ అలే గట్టిగా తిరిగి రావచ్చు.

నాలుగోది లేజర్ గన్. ఇది సన్నని కాంతిని ఒక్క బండి మీదనే గురి పెడుతుంది. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అది బండికి తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని మిషన్ వెంటవెంటనే ఎన్నోసార్లు కొలుస్తుంది. దూరం ఎంత తగ్గుతూ వస్తోందో చూసి వేగం చెబుతుంది. గుంపులో కూడా ఒక్క బండిని పట్టగలదు.

ఇక్కడ మన డ్రైవర్లు ఒక మాట అంటుంటారు: "వాడు మూలకు నిలబడి అడ్డంగ పట్టిండు, అందుకే ఎక్కువ చూపెట్టింది." అది తప్పు. బండికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి పట్టుకుంటే మిషన్ తక్కువే చూపిస్తుంది. 60లో పోయే బండిని 20 డిగ్రీల వాలు నుంచి పడితే 56 అని వస్తుంది. అంటే మూల నుంచి పట్టడం వల్ల లాభం డ్రైవర్‌కే.

అయిదోది రెండు కెమెరాల లెక్క. ఒక కెమెరా దగ్గర బండి నంబరు, టైము పట్టుకుంటుంది. కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకొక కెమెరా మళ్ళీ పట్టుకుంటుంది. మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్ వే మీద ఈ లెక్క కూడా పెట్టారు. కెమెరా దగ్గర బ్రేకు నొక్కి, దాటగానే మళ్ళీ తొక్కేవాళ్ళ తెలివి ఇక్కడ పనికిరాదు.

మరి ఆ మిషన్ సరిగ్గా ఉందని నమ్మకం ఏమిటి? కిరాణా దుకాణం తక్కెడకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. రేడార్ మిషన్లకు కూడా అట్లాగే పరీక్ష, ముద్ర ఉండాలని కేంద్రం నియమం తెచ్చింది. అది 2025 జూలై 1 నుంచి అమలు. అంతకు ముందే, 2021 ఆగస్టులో, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అని ఒకటి చేర్చారు. దాని ప్రకారం స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్ లాంటి పరికరానికి ప్రభుత్వం ఆమోద పత్రం ఉండాలి. దాన్ని ఏటేటా కొత్తగా తీసుకోవాలి. కెమెరాలతో పట్టే చోట ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. చలాన్‌తో పాటు బండి నంబరు కనపడే ఫోటో, మిషన్ కొలిచిన అంకె, తారీఖు, టైము, చోటు, ఏ సెక్షన్ కిందనో, ఇవన్నీ ఉండాలి. నోటీసు 15 రోజుల లోపల పంపాలి.

ఇంత చదివాక మావాని మొదటి చలాన్ మళ్ళీ చూశాను. ఫోటో ఉంది, అది ఆగి ఉన్న టెంపోది. అంకె లేదు. మిషన్ పేరు లేదు. వాడు ఇంకా పైసలు కట్టలేదు కాబట్టి నయమైంది. కడితే తప్పు ఒప్పుకున్నట్టే, కేసు అక్కడికి ముగుస్తుంది. వాని పేరు మీద అర్జీ రాయించాను. "ఈ చలాన్‌లో వేగం ఎంతో రాయలేదు, ఏ పరికరంతో కొలిచారో లేదు, 183 సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం పరిశీలించగలరు" అని నాలుగే వరుసలు. మహారాష్ట్రలో ట్రాఫిక్ పోలీసుల ఫోన్ యాప్‌లో ఫిర్యాదు పెట్టే చోటు ఉంది, అందులో వేయించాను. కాగితం మీద రాసింది ఒకటి ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. ఇంకా జవాబు రాలేదు. వినకపోతే కోర్టులో చెప్పుకుంటాం. ఏమైందో ఇక్కడే రాస్తాను.

మావాడు అప్పటికే మొఖం వెలిగిపోయి, "చూసినవా పెద్దబాపు, రెండోదానికి గూడ ఇట్లనే రాద్దాం" అన్నాడు.

రెండోది తెరిచాను. ఇది కెమెరా పట్టింది. ఫోటోలో టెంపో పోతూ ఉంది, నంబరు సాఫ్‌గా కనపడుతోంది. తారీఖు ఉంది, సాయంత్రం 5 గంటల 48 నిమిషాలు అని టైము ఉంది. హద్దు 60. మిషన్ చెప్పింది 79.

"ఇది నీ బండేనా?"

"మనదే."

"మరి?"

"మిషన్ తప్పు పెద్దబాపు. నేను 60 దాటలే. నాకు తెల్వదా, రోజూ పోయే సడక్."

వాడు అబద్ధం చెప్పడం లేదు. వాని కళ్ళు చూస్తే తెలుస్తోంది, వాడు నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. నాకు వేరే ఒక మాట గుర్తుకు వచ్చింది. రెండేళ్ళ కింద మా గల్లీలో ఒక పెద్దమ్మ బీడీలు కార్ఖానాలో ఇచ్చి వస్తూ సడక్ దాటబోతే టెంపో తగిలింది. తొడ ఎముక విరిగింది. ఇప్పటికీ కర్ర పట్టుకొని నడుస్తుంది, చాట ముందర ఎక్కువ సేపు కూర్చోలేదు. ఆ రోజు ఆ టెంపో డ్రైవర్ మా అందరి ముందర చేతులు జోడించి అన్న మాట ఇదే: "నేను మెల్లగనే వస్తుంటి."

అందుకని వాణ్ణి తిట్టలేదు. ఆదివారం పొద్దున, సడక్ ఖాళీగా ఉన్నప్పుడు, టెంపోలో వాని పక్కన కూర్చున్నాను. హైవే మీద కిలోమీటరు రాళ్ళు ఉంటాయి కదా. ఒక రాయి నుంచి తర్వాతి రాయికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 60 సెకన్లు పడితే 60. 50 పడితే 72. 45 పడితే 80. నేను ఫోన్‌లో గడియారం పెట్టుకున్నాను. "మీటర్ దిక్కు చూడకు. నువ్వు రోజూ పోయినట్టే పో, నీకు 60 అనిపించినంతనే పో" అన్నాను.

47 సెకన్లు వచ్చింది. లెక్క కడితే 76 దాటింది.

వాడు నమ్మలేదు. మీటర్ చూడమన్నాను. 80 దగ్గర ఉంది ముల్లు. బండి మీటర్ నిజం కన్నా ఎప్పుడూ తక్కువ చూపకూడదని నియమం, అందుకని కంపెనీవాళ్ళు కొంచెం ఎక్కువ చూపేటట్టే చేస్తారు. ఆ కొంచెం తీసేసినా 76. వాడు కాలు తీశాడు. 60కి వచ్చాక, "పెద్దబాపు, బండి ఆగిపోయినట్టు ఉన్నది" అన్నాడు.

అదీ సంగతి. చాలాసేపు ఒకే జోరు మీద పోతే కంటికి అదే మామూలు అయిపోతుంది. ఆ తర్వాత 60లో పోతుంటే ఎద్దుల బండిలో కూర్చున్నట్టు ఉంటుంది. నాకా దగ్గర నిలబడ్డ పోలీసు కన్నే కాదు, స్టీరింగ్ ముందర కూర్చున్న డ్రైవర్ కన్ను కూడా తప్పుతుంది. పోలీసుకు "అనిపించింది" అంటే చెల్లనప్పుడు, మనకు మాత్రం "నేను మెల్లగనే నడుపుత" అంటే ఎట్లా చెల్లుతుంది?

60కి 80కి తేడా ఎంతో కూడా ఆ రోజు వానికి చెప్పాను. ఎవరన్నా అడ్డం వస్తే, మనం చూసి కాలు బ్రేకు మీదికి వచ్చేలోపల ఒక సెకను పోతుంది. 60లో ఆ సెకనుకు బండి 17 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. బ్రేకు పట్టినంక ఇంకా ఉంది. 60లో 20 మీటర్లలో ఆగే బండి, 80లో ఆగడానికి 35 మీటర్లకు పైన తీసుకుంటుంది. రెండూ కలిపితే 37 మీటర్లలో ఆగేది 57 దాకా పోతుంది. ఆ 20 మీటర్లలోనే ఆ పెద్దమ్మ ఉంది. వాడు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి రెండో చలాన్ పైసలు కట్టేశాడు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. 5 గంటల 48 నిమిషాలకు వాడు అంత తొందరలో ఎందుకున్నాడు? గోదాము 6 గంటలకు మూస్తారు. సేటు మూటలు ఎక్కించేది ఐదున్నర దాటినంక. "ఆరు లోపల చేరాలె, లేకుంటే రేపటి హమాలీ నీ పగార్ల నుంచి" అంటాడు.

దీనికి కూడా 183వ సెక్షన్‌లోనే జవాబు ఉంది. తన కింద పనిచేసేవానితో హద్దు దాటి నడిపించినవాడు కూడా నేరం చేసినట్టే. ఇంకా ముందుకు పోయి, నాలుగో ఉపసెక్షన్ ఇట్లా చెబుతుంది: ఇంత టైములో చేరాలని యజమాని హుకుం ఇస్తే, ఆ టైములో చేరడం హద్దు దాటకుండా కాని పని అని కోర్టుకు అనిపిస్తే, ఆ హుకుమే యజమాని తప్పుకు మొదటి సాక్ష్యం. మన కామగారుల బాధ తెలిసినవాళ్ళెవరో రాసినట్టుంది ఈ మాట.

నేను సేటు దగ్గరికి పోయాను. మనవాడే, తాతల కాలంలో మనతో పాటు మగ్గం పట్టుకొని వచ్చిన ఇల్లే. చట్టం మాట మెల్లగా చెప్పాను, అంతగా పట్టించుకోలేదు. అప్పుడు లెక్క చెప్పాను. "సేటూ, గోదాము 12 కిలోమీటర్లు. 60లో పోతే 12 నిమిషాలు, 80లో పోతే 9 నిమిషాలు. నువ్వు మిగుల్చుకునేది 3 నిమిషాలు. దానికి వాడు కట్టింది 2000. రేపు ఎవరికన్నా తగిలితే నువ్వు కోర్టు చుట్టూ తిరిగేది ఎన్నేండ్లో చెప్పు." కొంచెం సేపు లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు మూటలు ఐదుకే ఎక్కిస్తున్నారు. 2000లో సగం ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు. అడుగుతూనే ఉంటాను.

ఇక బండి నడిపే పిల్లలకు, వాళ్ళ ఇంటివాళ్ళకు చివరగా కొన్ని మాటలు. కత్తిరించి బండి కాగితాల్లో పెట్టుకున్నా సరే.

పోలీసు ఆపితే జగడం వద్దు. ఎండలో నిలబడి పనిచేసేవాడు వాడూ కామగారే. కాగితాలు చూపించి, "సాహేబ్, స్పీడ్ ఎంత వచ్చింది, ఏ మిషన్‌ల వచ్చింది" అని మర్యాదగా అడగండి. చూపిస్తే, చూడండి. చూపించకపోతే టైము, చోటు రాసుకోండి. దగ్గరలో స్పీడ్ బోర్డు ఉందా, దాని మీద ఎంత ఉందో ఫోటో తీసుకోండి.

ఫోన్‌కు చలాన్ వస్తే ముందు ఫోటో తెరిచి చూడండి. బండి మీదేనా, నంబరు మీదేనా, అంకె ఉందా, హద్దు ఎంత. సరిగ్గా ఉంటే టైముకు కట్టేయండి, కోర్టు దాకా తేవద్దు. తప్పుంటే పైసలు కట్టకముందే ఫిర్యాదు పెట్టండి.

బండి కాగితాల మీద ఉన్న ఫోన్ నంబరు మీదేనా చూసుకోండి. పాత బండి కొన్నవాళ్ళకు చలాన్ ముందటి యజమానికి పోతుంది, మీకు తెలిసేసరికి కోర్టు సమన్లు వస్తాయి.

ఇంకొక మాట మరిచిపోవద్దు. నిర్లక్ష్యంగా, ప్రమాదం వచ్చేటట్టు నడిపితే 184 సెక్షన్ వేరే ఉంది. దానికి స్పీడ్ అంకె అక్కర్లేదు. సిగ్నల్ దాటినా, ఫోన్ పట్టుకొని నడిపినా చూసినవాళ్ళ సాక్ష్యం పనికొస్తుంది, జైలు కూడా ఉంది. "మిషన్ లేదు గదా" అని అక్కడ తప్పించుకోలేరు.

వారానికి ఒక్కసారన్నా పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకొని కిలోమీటరు రాళ్ళ మధ్య సెకన్లు లెక్కపెట్టించండి. నడిపేవాడు తను లెక్కపెట్టవద్దు, వాని కన్ను సడక్ మీద ఉండాలి.

నిన్న సాయంత్రం నేను చౌక్ దగ్గర నిలబడితే మావాని టెంపో వచ్చింది. ఎదురుగా బీడీ గంపలతో నలుగురు ఆడవాళ్ళు సడక్ దాటుతున్నారు. వాడు దూరం నుంచే ఆపి, వాళ్ళు పోయినంక కదిలాడు. నాకు వాడు ఎంత స్పీడ్‌లో వచ్చాడో కంటితో చూసి చెప్పడం చేతకాదు. ఆగాడన్నది మాత్రం చూశాను.